భవంతి ఇంటిని పెండ్లికి ఇచ్చేముందు

నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల తాళాలు పడ్డ పాత భవంతి ఇండ్లు, అంటే నడుమ ఆకాశం కనబడే జాగ ఉన్న ఇండ్లు, ఒక్కొక్కటే మళ్ల తెరుచుకుంటున్నయి. సున్నం వేసి, పందిరి వేసి, పెండ్లిళ్లకు కిరాయికి ఇస్తున్నరు. చూస్తే కడుపు నిండుతది. అయితే తెరిచిన రెండు మూడేండ్లకే గోడలు పెచ్చులూడి, బండలు తెల్లబారి, దూలాలు కుంగిన ఇండ్లు కూడ ఉన్నయి. ఇంటిని ఫంక్షన్‌హాలు లెక్క వాడితే వచ్చే తిప్పలివి. ఆ ఇల్లు ఎందుకట్ల కట్టిన్రో తెలుసుకుంటే, ఎంతమందికి ఇవ్వాలె, ఏ నెలల ఇవ్వాలె, ఏం చేయనియ్యొద్దు అనేది ఇల్లే చెప్తది.

ముందుగాల ఒక మాట. గడి వేరు, భవంతి వేరు. ఎత్తు ప్రహరీ, బురుజులు, లోపల దొర పంచాయితీలు చేసే కచ్చీరు ఉండేది గడి. అది దేశ్‌ముఖులది, జాగీర్దార్లది. భవంతి ఇల్లు పటేలుదో, పట్వారీదో, షావుకారిదో, నాలుగు నాగండ్ల ఎవుసం ఉన్న రైతుదో అయి ఉంటది. గడిల జరిగిన పెండ్లికి ఊరంత వెట్టి చేసింది: కుమ్మరి కుండలు, చాకలి బట్టలు, మాదిగ చెప్పులు, గొల్ల గొర్రె, అన్నీ పైస లేకుండనే. ఇయ్యాల గడిని పెండ్లికి ఇచ్చే కుటుంబం ఆ చరిత్రను దాచి, 'రాజసం' అని మాత్రమే బోర్డు పెట్టుడు సరికాదు. ఊర్ల ఇంకా ఆ ముచ్చట తెలిసిన ముసలోళ్లు ఉన్నరు. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచింది ఈ గడ్డ మీదనే, ఆ గడీల మీదనే.

భవంతి ఇంటికి వస్తే, దాని నడుమ ఆకాశం కనబడే జాగనే భవంతి. దాని నాలుగు దిక్కులా వసారాలు, వసారాల వెనుక అర్రలు. ముందు పెద్ద దర్వాజ, దానికి రెండు పక్కల అరుగులు. వెనుక వంటిల్లు, పెరడు, చేదబావి, కొట్టం, గడ్డివాము జాగ. ఇది ఎవుసం కోసం కట్టిన ఇల్లే గని పెండ్లికి కూడ సరిగ్గ సరిపోతది. ఎదురుకోళ్లు దర్వాజ కాడ, మైలపోలు (పసుపు నలుగు పెట్టి పోసే మంగళస్నానం) భవంతిల, ఐరేని కుండలు (పెండ్లికి పూజచేసే కుండలు) దేవునర్రల, విడిది పక్క అర్రలల్ల, మొగోళ్ల ముచ్చట్లు అరుగుల మీద, వంట పెరట్ల. ఒక పని ఇంకో పనికి అడ్డం రాదు. అయిదొద్దుల పెండ్లిళ్లు నడిచిన కాలంల ఒకే ఇంట్ల అన్ని పనులు ఎట్ల ఇమిడినయి అంటే ఈ అమరిక వల్లనే. వసారా అంచుకు పూలదండలు కడితే చాలు, మండపానికి వేరే సెట్టింగు అక్కరలేదు.

ఈ ఇండ్లు ఖాళీ అయిన తీరు చాలా ఊర్లల్ల ఒకటే. 1948 సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం ఇండియన్ యూనియన్ల కలిసింది, 1949ల జాగీర్లు రద్దయినయి. 1973 భూసంస్కరణల చట్టంతో భూములకు గరిష్ఠ పరిమితి వచ్చింది. 1984ల పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. లెక్కలు, దఫ్తర్లు, పంచాయితీలు ఆ ఇంటి అరుగు దిగి ఆఫీసులకు పోయినయి. 1967ల నాగార్జునసాగర్ నీళ్లు వదిలినంక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కు వరి పెరిగింది, మిల్లులు పెరిగినయి, వడ్లు కళ్లం నుంచే మిల్లుకు పోవుడు మొదలైంది. వడ్లు నిల్వ పోసే గరిసెల అర్ర ఖాళీ. పిల్లలు చదువులకు హైదరాబాద్ పోయిన్రు. ముసలోళ్లు ఉన్నన్ని రోజులు దీపం వెలిగింది, తర్వాత తాళం పడ్డది. పాలమూరు దిక్కు పెద్ద కట్టడాలకైనా వేరే దారులు దొరికినయి: వనపర్తి సంస్థానం రాజభవనం పాలిటెక్నిక్ కాలేజీ అయింది, గద్వాల కోటల డిగ్రీ కాలేజీ నడుస్తది. ఊర్ల ఉన్న మామూలు భవంతి ఇంటికి ఏ సర్కారూ రాలేదు.

అదే కాలంల పెండ్లి కూడ ఇంటి ముందటి నుంచి లేచిపోయింది. మొదాలు టెంట్‌హౌసులు, షామియానాలు వచ్చినయి. తర్వాత విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు, కర్నూలు రోడ్డు పొంటి ఫంక్షన్‌హాళ్లు లేచినయి. మళ్ల ఇంటి దిక్కు తిప్పింది 2020 లాక్‌డౌన్. పెండ్లికి 50 మందికి మించొద్దన్న నిబంధనతోని చాలామంది తాతల ఇంటి తాళం తీసిన్రు. బూజులు దులిపి, బావి తోడి, సొంత పిల్ల పెండ్లి చేసిన్రు. ఆ ఫొటోలు చూసి చుట్టాలు అడిగిన్రు. చుట్టాల తర్వాత తెలియనోళ్లు అడిగిన్రు. అప్పుడు కిరాయి అనే మాట పుట్టింది.

తాళం తీసినంక మొదలు చూడాల్సింది గోడలు కాదు, దూలాలు. దూలం నడుమ ఎప్పుడూ బాగనే కనబడ్తది. కుళ్లేది, చెద పట్టేది గోడల దిగిన చివర, ఎందుకంటే తడి అక్కడ నిలుస్తది, గాలి తగలది. నిచ్చెన వేసుకొని ప్రతి దూలం రెండు చివర్ల సుత్తెతో కొట్టాలె. గట్టి టేకు ఖంగుమంటది, లోపల తిన్నది డబ్బుమంటది. అనుమానం ఉన్నకాడ దబ్బనం గుచ్చాలె. అర అంగుళం కన్నా లోపలికి మెత్తగ దిగితే ఆ దూలం కింద వెంటనే గుంజ నిలబెట్టాలె, మిగిలిన పనులు తర్వాత. చివర అడుగో రెండడుగులో పోయిన దూలాన్ని మొత్తం మార్చనక్కరలేదు. పాడైంది కోసేసి, అతుకు టేకు వేసి, రెండు పక్కల ఇనుప పట్టీలు బోల్టులతోని బిగిస్తే నిలుస్తది. కొత్త చివరను గోడల పెట్టేటప్పుడు చుట్టూ అంగుళం ఖాళీ ఉంచాలె. సిమెంటుతో మూసేస్తే కొత్త కట్టె కూడ అదే తీరు కుళ్లుతది.

ఇంటి మీద మట్టి మిద్దె ఉంటే ఇంకో లెక్క ఉన్నది. అడుగు మందం మట్టి అంటే ఒక చదరపు గజం జాగల నాలుగు క్వింటాళ్ల పైచిలుకు బరువు. వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ దూలాలు ఇప్పటికే అంత మోస్తున్నయి. అటువంటి మిద్దె మీదికి ఫొటోల కోసం ఇరవై మందిని ఎక్కిస్తే ఏమైతదో అనుకోవాలె. అందరు ఒకటే తాళానికి కాళ్లు కదిపే డ్యాన్సు ఇంకా ప్రమాదం. బరాత్ డ్యాన్సులు రోడ్డు మీద, సంగీత్ పెరట్ల. మిద్దె మెట్లకు తాళం వేసి, తాళంచెవి ఇంటోళ్ల కాడనే ఉంచుకోవాలె. ఈ ఒక్క విషయంల మొహమాటం పనికిరాదు.

పెంకుటింటిదైతే నెలల తగాదా. గూన పెంక ప్రతి ఏడు వానలకు ముందట సదరాలె: జారినవి ఎక్కించాలె, పగిలినవి మార్చాలె, నడుమ పేరుకున్న ఆకు, మట్టి తీయాలె. ఈ పని మృగశిర కార్తెకు ముందే, అంటే జూన్ మొదటివారం లోపలనే అయిపోవాలె. వైశాఖం, జ్యేష్ఠం పెండ్లిళ్లు సరిగ్గ అప్పుడే ఉంటయి. అన్ని ముహూర్తాలకూ ఇల్లు ఇచ్చేసి, పెంక సదురుడు ఆషాఢానికి జరిపినోళ్ల ఇండ్లల్ల మొదటి వానకే వాసాలు తడుస్తయి. మే నెలల ఒక వారం, ఎంత మంచి ముహూర్తం ఉన్నా, ఎవ్వరికీ ఇవ్వకుండ పెంక కోసం విడిచిపెట్టాలె. ఇంకోటి, కోతులు. ఒక్క మంద తిరిగిపోతే యాభై పెంకలు పోతయి. పాత కొలత పెంకలు ఇప్పుడు కొత్తగ దొరుకుడు కష్టం, కాబట్టి కూలగొట్టే ఇండ్లు ఎక్కడున్నా పోయి రెండు మూడొందల పెంకలు తెచ్చి కొట్టంల పేర్చుకోవాలె.

గోడల కాడ ఎక్కువమంది చేసే తప్పు సిమెంటు. రెండు, రెండున్నర అడుగుల మందం మట్టి, రాతి గోడ కింది నుంచి తడి పీల్చుకుంటది, పైనున్న సున్నం గుండ ఆ తడిని వదులుతది. దాని మీద సిమెంటు ప్లాస్టరు కొడితే తడి లోపలనే చిక్కుతది. రెండు వానాకాలాలు దాటినంక అడుగు నుంచి మూడడుగుల ఎత్తుల ఉప్పు పొంగి, సిమెంటు పెచ్చులు పెచ్చులుగ ఊడుతది. ఊడుకుంట గోడ మొఖాన్ని కూడ పట్టుకొని పోతది. ప్లాస్టిక్ పెయింటు కూడ అంతే, బుగ్గలు బుగ్గలు లేస్తది. పెండ్లికి నాలుగు రోజుల ముందు ఊడిన పెచ్చుకు సిమెంటు పూసి రంగేసుడు కన్నా, ఊడిన జాగను అట్లనే ఉంచి ముందట అరటిబోదె నిలబెట్టుడు మేలు.

ఆ గోడకు కావాల్సింది డంగు సున్నమే. రాతి సున్నం గడ్డలు గుంటల వేసి నీళ్లు పోస్తే బుసబుస పొంగి విరుగుతది. ఆ వేడికి చెయ్యి కాలుతది, కండ్లల్ల పడితే చూపే పోతది, కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానియ్యొద్దు. విరిగిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేటట్టు తక్కువల తక్కువ ఒక నెల నాననియ్యాలె. ఎన్ని రోజులు నానితే అంత వెన్న లెక్క అయితది. నెల కాకుండ వాడితే విరగని పలుకులు గోడల మీద తర్వాత విరిగి, చిన్న చిన్న బొక్కలు లేస్తయి. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ల కడిగిన వాగు ఇసుక కలిపి గానుగ పట్టాలె. ఎడ్ల గానుగ లేనికాడ ఇప్పుడు కరెంటుతోని తిరిగే గానుగ వాడుతున్నరు. ఊకె పారతోని కలిపితే ఆ పట్టు రాదు. కరక్కాయలు దంచి, బెల్లంతోని కలిపి కొన్ని రోజులు నానేసిన నీళ్లే కలుపుడుకు వాడాలె. ఒక పూతకు అర అంగుళం మించొద్దు. రెండు వారాలు రోజు తడుపుకుంట, ఎండ సూటిగ తగలకుండ గోనె పట్టాలు కట్టాలె. ఏప్రిల్, మే నెలలల్ల చేస్తే పైపైన ఎండి లోపల పిండి లెక్క రాలిపోతది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. పైపూతను నున్నటి గులకరాయితో రుద్దితే వచ్చే మెరుపు ఏ రంగుకూ రాదు. పెండ్లి ముందట వేసే వెల్లకైతే సున్నం రాత్రంతా నానేసి, బట్టల వడగట్టి, తుమ్మ జిగురు కలిపి, పల్చగ మూడుసార్లు వేయాలె. చిక్కగ ఒక్కసారే వేస్తే పెండ్లిపిల్ల పట్టుచీరెకు అంటుతది.

డెకరేషనోళ్లకు ముందే చెప్పాలె, గోడకు మేకు కొట్టొద్దు. సున్నం గోడల మేకు నిలవదు, కొట్టిన చోటల్ల పిడికెడు గోడ రాలుతది. వాసాలకు, గుంజలకు తాడు కట్టుకోవాలె. స్తంభానికి ఇనుప తీగ బిగిస్తే నగిషీ కోసుకపోతది, అక్కడ నూలు తాడే.

భవంతిల పరిచిన షాబాదు, తాండూరు బండలు సున్నపురాయి జాతి. వాటికి రెండు శత్రువులు: మంట, యాసిడ్. హోమం నేరుగ బండ మీద పెడితే వేడికి పొరలు పొరలు లేచి, ఒక్కోసారి టప్పున పగిలి పెచ్చు ఎగురుతది. కింద మూడు అంగుళాల ఇసుక పోసి, ఇటుకలు పేర్చి, దాని మీద హోమగుండం పెట్టాలె. ఇగ పెండ్లి అయినంక కడిగేటోళ్లు పసుపు, నూనె మరకలు పోవాలని యాసిడ్ పోస్తరు. పోసిన చోట బుసబుస నురగ వస్తది, అది మరక కాదు, రాయే కరుగుడు. నునుపు పోయి తెల్లగ గరుకుగ అయితది, ఆ గరుకు మీద వచ్చే పెండ్లి మరకలు ఇంకా లోతుగ దిగుతయి. తడి ఆరకముందే శనగపిండి చల్లి నూనె పీల్పించి, తర్వాత సబ్బు నీళ్లతోని నార బ్రష్షు పట్టి రుద్దితే చాలు. పసుపు మరక ఎండకు తనంతట తానే వెలుస్తది. యాసిడ్ సీసాను గేటు లోపలికే రానియ్యొద్దు.

భవంతి మూలకు ఒక తూము ఉంటది. వానకు నాలుగు దిక్కుల కప్పు నీళ్లన్నీ అందులకే పోవాలె. పెండ్లిల తలంబ్రాల బియ్యం, అక్షింతలు, పూలరెక్కలు, మైలపోలు నీళ్లతోని వచ్చిన పసుపు నలుగు, అన్నీ అందులనే పడ్తయి. బియ్యం ఉబ్బి లోపల బిరడ లెక్క బిగుసుకుంటది. వైశాఖంల గాలిదుమారం లేచి అరగంట వాన కొడితే భవంతి చెరువు అయి, నీళ్లు గడపలు దాటి అర్రలల్లకు పోతయి, మట్టిగోడ కాళ్లు తడుస్తయి. తూముకు సన్న ఇనుప జాలి పెట్టి, పెండ్లి జరుగుతున్నప్పుడే ఒక మనిషిని జాలి తీసి దులిపేటట్టు పెట్టుకోవాలె. పెండ్లికి ముందురోజు పది బిందెల నీళ్లు ఒక్కసారి పోసి, అవతల ఎంతసేపట్ల వస్తున్నయో చూడాలె.

నీళ్ల లెక్క: వచ్చి తిని పోయేటోళ్లకు మనిషికి 20 నుంచి 25 లీటర్లు, రాత్రి ఉండి స్నానం చేసేటోళ్లకు వంద లీటర్ల దగ్గర. నాలుగు వందల మందికి అయిదువేల లీటర్ల ట్యాంకర్లు రెండు తప్పవు, విడిది ఎక్కువుంటే మూడోది. చేదబావిల నీళ్లున్నా దాని మీదనే ఆధారపడొద్దు. ఒక పూటల తోడేస్తే అడుగు మట్టి లేస్తది. బావికి గిలక, జాలి రెండూ ఉండాలె, పిల్లలు తిరిగే జాగ అది. మరుగుదొడ్లు యాభై మందికి ఒకటి లెక్కన, బావికి తక్కువల తక్కువ యాభై అడుగుల దూరంల కట్టాలె. పాత కొట్టం జాగ దీనికి బాగ పనికొస్తది.

మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటదని అందరికి తెలుసు. వంటోళ్లు మరగబెడితే పోతదనుకుంటరు. పోదు. నీళ్లు ఆవిరైన కొద్ది మిగిలిన దాంట్ల ఇంకా చిక్కనైతది. తాగుడుకే కాదు, వంటకు కూడ మిషన్ భగీరథ నల్లా నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో పెట్టాలె. బోరునీళ్లు గట్టిగ ఉంటే కందిపప్పు ఎంతసేపైనా ఉడకదు, పప్పుచారు పలుకు పలుకు వస్తది. మొదటి బంతి ఆలస్యమయ్యేది చాలాసార్లు ఈ పప్పు కాడనే.

పొయ్యి ఎక్కడ తవ్వాలె అంటే పెద్దలు ఆగ్నేయం అంటరు. ఎండాకాలం చివర నుంచి పడమటి గాలి కొడ్తది గనక పొగ, నిప్పురవ్వలు ఇంటి మీదికి రాకుండ తూర్పుకు పోతయి. మాఘం, ఫాల్గుణంల తూర్పుగాలి తిరిగిన రోజు మాత్రం తడక అడ్డం కట్టాలె. గాడిపొయ్యికి, తాటాకు పందిరికి నడుమ యాభై అడుగులు ఉండాలె, పక్కన రెండు డ్రమ్ముల నీళ్లు, ఇసుక. నాలుగు వందల మంది బగార అన్నానికి, కూరకు అర క్వింటాలు పైన బియ్యం, 80 కిలోల మటను పడ్తది. ఒక్క గుండిల పది పన్నెండు కిలోల బియ్యం మించితే అడుగు మాడుతది, పైన పలుకు ఉంటది. అయిదు గుండ్లల్ల వండాలె. బియ్యం ఆరు నెలలన్నా పాతది కావాలె, కొత్త బియ్యం ముద్దయితది.

పందిరికి తాటికమ్మలు నాలుగు రోజుల ముందే కొట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాళ్ల బరువు పెట్టి సాఫు చేయాలె. అట్ల చేయకపోతే ఎండకు ముడుచుకొని సందులు పడ్తయి. గుంజకు గుంజకు ఎనిమిది నుంచి పది అడుగులు, గుంట రెండడుగుల లోతు, చుట్టూ రాళ్లు దిమ్మిస చేయాలె. గాలిదుమారం పందిరిని కిందికి తొయ్యదు, పైకి లేపుతది. అందుకే మూలగుంజలకు బయటి దిక్కు మోకులు కట్టి మేకులకు బిగించాలె. తర్వాత మామిడి తోరణాలు, పాలకొమ్మ.

ఎంతమందికి ఇవ్వాలె? భవంతి ముప్పై అడుగులకు ముప్పై అయితే 900 చదరపు అడుగులు. మండపానికి వంద పోతే, చాపల మీద కూసునేటోళ్లు నూట ఇరవై మంది. వసారాలల్ల ఇంకో ఎనభై. ముహూర్తం చూసేది రెండు వందలు, బంతులు పెరట్ల. ఒక బంతికి వందమంది, ముప్పై అయిదు నిమిషాలు. నాలుగు బంతులకు రెండున్నర గంటలు. అయిదో బంతి పెట్టాల్సి వస్తే ఆకలిగొన్న చుట్టాలతోని మాట వస్తది. కాబట్టి నాలుగు వందలు, అంతే. ఎనిమిది వందల మందిని పిలుస్తం, సర్దుకుంటం అనేటోళ్లకు నమస్కారం చేసి ఫంక్షన్‌హాలు చూపెట్టుడే మంచిది. కిరాయి రెట్టింపు ఇస్తమన్నా గడప, తూము, మరుగుదొడ్లు రెట్టింపు కావు.

గడపలు ఆరు అంగుళాల ఎత్తు ఉంటయి. చక్రాల కుర్చీల వచ్చే పెద్దమనిషికి ఆరడుగుల పొడవు పలక వేస్తే వాలు సరిపోతది, మూడడుగుల ముక్క వేస్తే కుర్చీ వెనుకకు ఒరుగుతది.

కరెంటుకు పాత చెక్క బద్దీల వైరింగును ముట్టుకోవద్దు. పందిరి, లైట్లు, కూలర్లు అన్ని జనరేటరు నుంచి వేరే లైను మీద, 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకరు పెట్టి నడపాలె. తడిసిన నేల, పూలల్ల దాచిన సీరియల్ బల్బులు, పిల్లల చేతులు, అన్ని ఒక్క జాగనే ఉంటయి. కిరాయికి ఇస్తున్నరంటే ఇంటి మీటరు చెల్లది, వాణిజ్య కేటగిరీకి మార్చుకోవాలె. మైకు, డీజే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బంద్, అది చట్టం. ఒప్పంద కాయిదంల రాసి సంతకం తీసుకుంటే ఆ రాత్రి కొట్లాట ఉండది.

ఇండ్లు మళ్ల తాళం పడేది ఎక్కువ పైసల కాడనే. ఇల్లు అన్నదమ్ములది, అక్కచెల్లెండ్లది, అందరిది. ఊర్ల ఉండి చూసుకునేటాయన ఒకరు, ఫోన్ల లెక్క అడిగేటోళ్లు అయిదుగురు. మొదటి పెండ్లికి ముందే కాయిదం రాసుకోవాలె: వచ్చిన కిరాయిల మూడో వంతు ఇంటికే, అంటే సున్నం, పెంక, దూలాల ఖాతాకు, చూసుకునేటాయనకు నెల జీతం, మిగిలింది వాటాలు. ఇంటి ఖాతాను ఏ పండుగకూ, ఏ అవసరానికీ ముట్టుకోవద్దు. ఒక దూలం అతుకు పనికి ఒక్కసారే పెద్ద ఖర్చు వస్తది, ఆ రోజు ఎవరి జేబుల చూసినా ఉండయి.

పెండ్లి అయిన తెల్లారి చేయాల్సినవి: గుంజలు పీకిన గుంటలు అదేరోజు పూడ్చి దిమ్మిస చేయాలె, లేకుంటే వాననీళ్లు వాటిలకు దిగి గోడ పునాదికి పోతయి. హోమం ఇసుక పెరట్ల చెట్టు మొదట్ల పోయాలె. తూము జాలి తీసి, చెయ్యి పెట్టి లోపలి బియ్యం తీయాలె. నానిన బియ్యం ఒక పిడికెడన్నా ఉంటది.